తరుగు

చిత్తూరు బెల్లం మండీలో
మధ్యాహ్నం రెండు దాటితే ఈగలకే పని.
కాటా పళ్ళెం మీద ఎండ
తూకం లేకుండా కూర్చోనుంటాది.

గ్రీమ్స్‌పేట నసీరు
తూకం చీటీ వెనక రాసిచ్చినాడు,
నాలుగంటే నాలుగు వరసలు.
"ఒక్క చుక్క తప్పినా పలకదక్కా,
మాటకీ మాటకీ మధ్య ఖాళీ కూడా అక్షరమే."
పదహారేండ్లుగా పద్దులు రాసేదాన్ని,
ఖాళీ విలువ నాకు చెప్పాల్నా?

నల్ల కిటికీ తెరిచినా.
మొదటి వరస కొట్టగానే పాస్‌వర్డు అడిగింది.
కొడతా ఉంటే తెర మీద ఏమీ పడలేదు.
కరెంటు లేని రాత్రి తాళంచెవి తిప్పినట్టు
వేళ్ళ మీద నమ్మకంతోనే కొట్టినా.
రెండుసార్లు కాదంది.
మూడోసారి ఊరకుండింది.
ఊరకుండడమే ఒప్పుకోవడమంట.

"ఏం దించతా ఉండావు మొగిలమ్మక్కా?"
బెంచీ మీంచి హమాలీ ఏకాంబరం.
పైథాను.
"అంటే?"
కొండచిలువ.
రెండు కాళ్ళూ పైకి లాక్కున్నాడు.

నేను అడిగింది ఒక్కటే కదా.
ప్యాకేజీ మేనేజరుకి
ఒక్కటి తేవడం చేతకాదు.
దానికి ఇంకోటి కావాల,
ఆ ఇంకోటికి మూడు,
ఆ మూడిట్లో చిన్నది రాందే
పెద్దది గడప తొక్కదు.
పెండ్లికి ఒకర్ని పిలిస్తే
బండి నిండా దిగినట్టు
ఇరవై ఆరు పేర్లు,
ఒక్కటీ నాకు చుట్టం కాదు.
కానియ్యమంటావా, వద్దంటావా? అని అడిగింది.
కానీ అని ఒక అక్షరం కొట్టి
చెయ్యి పైటకి తుడుచుకున్నా.

ఫోను నెట్టు మీద గీత నిండతా ఉంది,
చెరుకు పాలు పాకానికొచ్చేంత నిదానంగా.
అరవై రెండు కాడ కరెంటు పోయింది.

వచ్చినాక మళ్ళీ మొదటి నుంచే అనుకున్నా.
కాదు.
అప్పటిదాకా దించిందంతా
ఒక మూల దాచిపెట్టుకోనుంది.
ఎక్కడ ఆపిందో ఆడే అందుకునింది.
మా షావుకారికి
నిన్న ఇచ్చిన మాటే గుర్తుండదు.

పాతది ఒకటి ముందే ఉండాదంట ఈ మిషన్లో.
దాని జోలికి పోగాకన్నాడు నసీరు.
మిషనంతా దాని మీదే ఆనుకోనుందంట,
పీకితే కిటికీలు కూడా తెరుచుకోవంట.
అందుకే కొత్తదాన్ని
నా పేరున్న అరలో, పక్కన.

అయిపోయింది అనింది.
పేరు పెట్టి పిలిచినా.
పాతదే పలికింది.

నసీరుకి ఫోను చేసినా.
"వచ్చింది, ఇంట్లోనే ఉందక్కా.
యాడ ముందు వెతకాలో
నువ్వు దారి చెప్పలేదు, అంతే."
చుక్కతో మొదలయ్యే ఫైలంట,
మామూలుగా చూస్తే కనబడదు.
దాని అడుగున ఒక్క వరస రాసి
కిటికీ మూసి, తెరిచి,
మళ్ళీ పిలిచినా.

మూడు అంకెలు. మధ్యలో రెండు చుక్కలు.
గంటన్నర కష్టానికి అంతే.
లేచి నీళ్ళు తాగి వచ్చి
ఇంకోసారి పిలిచినా, ఊరికే.

పూతలపట్టు చెంగల్రాయులుది
నిన్నటి సరుకు, ముప్పై ఏడు మూటలు.
కాటా కక్కిన కాగితం చుట్ట విప్పి
అంకెలన్నీ ఉన్నవి ఉన్నట్టు కొట్టినా.
కూడమన్నా.

నా పద్దు కంటే
పద్దెనిమిది కిలోలు ఎక్కువ చెప్పింది.
తప్పు కొట్టినానేమో అని
వేలు పెట్టి ఒక్కో వరస సరిచూసినా.
పద్దెనిమిదే.

చేరిన రోజే షావుకారు చెప్పినాడు,
"గ్రాములు రాయగాకు, మా,
కాగితం దండగ."
పదహారేండ్లు రాయలేదు.
నీట్‌గా ఉంటాది నా పద్దు,
అందురూ మెచ్చుకుంటారు.

"ఏమంటా ఉండాదక్కా నీ పాము?"
ఏకాంబరం కాళ్ళు ఇంకా బెంచీ మీదే.

ఏం లేదన్నా.
గ్రాములు వదిలెయ్యాలని
దానికింకా ఎవురూ చెప్పలేదు.